జఠరమున మ్రోగు దండోరా

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



భారతమున అరణ్యపర్వమునందలి వాతాపి కథ నెఱుగనివారు తెలుగునాట అరుదు. ఇల్వలుడు తన తమ్ముడగు వాతాపిని మేషరూపమున కోసి, వండి, అతిథికి వడ్డించును. భోజనమైన పిమ్మట అన్న పేరుపెట్టి పిలువగా తమ్ముడు అతిథి కడుపు చీల్చుకొని బయటికి వచ్చును. అగస్త్యుని యెడ మాత్రము ఆ యెత్తు పారలేదు. పిలుపు వినబడునప్పటికే వాతాపి జీర్ణమైపోయెను. నేటికిని పసిబిడ్డకు పాలుపట్టి పొట్ట నిమురు తల్లుల నోట ఆ రాక్షసుని పేరు వినబడుచునే యుండును. ఈ కథ వెనుక నొక నమ్మకము కలదు. జఠరమున నుండునది అగ్ని. అందు పడినదేదియు మిగులదు.

పాశ్చాత్య వైద్యులును చిరకాలము ఇంచుమించుగా నిట్లే తలచిరి. జఠరమున ఊరు హైడ్రోక్లోరికామ్లము మిక్కిలి తీక్ష్ణమైనది. అన్నపానములతో లోనికి పోవు సూక్ష్మక్రిములలో అధికభాగమును అది కొలది సేపటిలోనే చంపివేయును. కావున నక్కడ ఏ క్రిమియు కాపురముండజాలదని వైద్యశాస్త్రము నిశ్చయించుకొనెను. కడుపులో పుండు పుట్టుటకు ఆమ్లము మితిమీరుటయే కారణమనిరి. చింత, కోపము, కారపు తిండి ఆ యామ్లమును పెంచుననిరి. రోగికి పాలు, మెత్తని యన్నము, క్షారపు మందులు నిచ్చిరి. 1970 తరువాత ఆమ్లము ఊరకుండ జేయు మంచి మాత్రలు వచ్చినవి. మాత్ర వేసికొన్నన్నాళ్లు పుండు మానును. మాత్ర మానిన కొలది నెలలకే పుండు మరల వచ్చును. ఇట్లు ఏండ్ల తరబడి బాధపడి, తుదకు జఠరములో కొంతభాగమును కోయించుకొని బ్రతికినవారు అన్ని దేశములయందును ఉండిరి.

వాతాపి మాత్రము లోపలనే యుండెను. అతనిని చూచినవారును లేకపోలేదు. 1893లో ఇటలీ దేశీయుడగు బిజ్జొజెరో కుక్కల జఠరములయందు మెలికలు తిరిగిన సూక్ష్మక్రిములను చూచి ప్రకటించెను. 1954లో అమెరికా వైద్యుడగు పామర్ వెయ్యికి పైగా మనుష్యుల జఠరఖండములను పరీక్షించి, క్రిములేవియు అక్కడ నివసించుట లేదని వ్రాసెను. ఆయన వాడిన రంగు ఆ క్రిమిని స్ఫుటముగ చూపునది కాదు. ఎంత శ్రద్ధగలవాడైనను చూపని రంగుతో చూడజాలడు గదా! ఆ లెక్క అంతటితో ముగిసినదని లోకము దస్త్రము కట్టివేసెను.

దస్త్రము మరల విప్పినవారు ఆస్ట్రేలియా పడమటి తీరమునందలి పెర్త్ నగర వైద్యులిద్దరు. 1979 జూనులో రాబిన్ వారెన్, రోగి జఠరమునుండి తీసిన ఖండమును సూక్ష్మదర్శినిక్రింద చూచుచు, లోపొరపై వంకరగ నున్న క్రిములను కనుగొనెను. వెండి లవణముతో రంగువేయగా నవి స్పష్టముగ గోచరించెను. ఆయన నేర్పు క్రిమిని చూచుటయందు మాత్రమే లేదు. క్రిమియున్న చోట్లనెల్ల రక్తమునందలి తెల్లకణములు లోపొరలోనికి వచ్చి గుమిగూడి యుండుటను ఆయన గమనించెను. పిలువని పేరంటమునకు ఎవ్వరును రారు. అక్కడనుండి ఎవరో ఆ తెల్లకణములను పిలుచుచుండవలెను. పిలిచినదెవరు, పిలుచుటెట్లు, పిలుపునకు వచ్చినవారు చేయుచున్న పనియేమి యనునదియే ఈ ప్రసంగమునకు విషయము.

1981లో వారెనుతో బారీ మార్షల్ అను యువవైద్యుడు కలిసెను. క్రిమిని పాత్రలో పెంచుటకు వారు చేసిన యత్నములు చాలనాళ్లు విఫలమైనవి. రెండు దినములలో మొలకెత్తని పాత్రలను పారవేయుట ప్రయోగశాల ఆచారము. 1982 ఈస్టరు సెలవులలో ఒక పాత్ర పారవేయబడక అయిదారు దినములు నిలిచిపోగా, అందు క్రిమి పెరిగియుండెను. అది నెమ్మదిగ పెరుగు క్రిమి, తొందర పనికిరాదు. 1984లో వారు ప్రకటించిన నూరుగురు రోగుల పరీక్షలో, జఠరమునకు దిగువనున్న చిన్నప్రేగు మొదటి భాగమున పుండు గలవారు 13 మంది. ఆ 13 మందిలోను ఈ క్రిమి కలదు. అయినను పెద్దలు నమ్మలేదు. ఆ యేటనే మార్షల్ క్రిములు గల ద్రవమును తానే త్రాగెను. కొలది దినములకు వాంతులు పుట్టినవి. పదవనాడు జఠరఖండమును తీసి చూడగా క్రిములును, వానిచుట్టు తెల్లకణములును కనబడెను. పుండు పుట్టలేదు, పుట్టినది వాపు మాత్రమే. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను. 1989లో ఈ క్రిమికి హెలికోబాక్టర్ పైలోరి యను పేరు స్థిరపడెను. 2005లో వారెన్, మార్షల్ ఇరువురకును నోబెల్ బహుమానము లభించెను.

అగ్నికుండమున ఈ క్రిమి బ్రతుకుట యెట్లు? మిల్లీమీటరులో మూడు నాలుగు వేయవవంతుల పొడవుగల ఈ మెలిక జీవి యూరియేజు అను మాంసకృత్తును విస్తారముగ తయారుచేయును. జఠరమున స్వల్పముగ నుండు యూరియాను అది అమ్మోనియాగను, బొగ్గుపులుసు వాయువుగను విడదీయును. అమ్మోనియా క్షారము, చుట్టునున్న ఆమ్లమును విరిచివేయును. క్రిమి తన చుట్టు నొక చల్లని గుడారము వేసికొన్నట్లగును. జఠరపు గోడను కప్పి జిగురువంటి శ్లేష్మపుపొర యొకటి కలదు. ఆమ్లము విరిగినచోట ఆ జిగురు పలుచబడును. తోకలను త్రిప్పుచు క్రిమి ఆ జిగురులోనికి ఈదిపోయి, ఆమ్లము మిక్కిలి తక్కువగ నుండు గోడ మొదటికి చేరును. వానిలో అధికభాగము జిగురులోనే యుండును. కొన్ని మాత్రము గోడ కణములను గట్టిగ పట్టుకొనును.

ఇక కావలివారి సంగతి. జఠరపు లోపొర వట్టి గోడ కాదు. అందలి ప్రతికణమును ఊరి తలారివంటిది. తలారి దొంగను ముఖము చూచి పట్టడు. దొంగ యడుగుజాడను, చేతి కన్నపుగోలను చూచి గుర్తించును. దేహకణములును అట్లే క్రిముల సామాన్య లక్షణములను పట్టి గుర్తించును. క్రిముల తోకయందలి మాంసకృత్తు ఒక గుర్తు. పైకవచమునందలి కొవ్వు మరియొక గుర్తు. ఈ గుర్తులను పట్టుటకు కణములకు టోల్ గ్రాహకములను పనిముట్లు కలవు. పేగులలో జబ్బుచేయు పెక్కు క్రిములను ఇవి వెంటనే పట్టివేయును.

హెలికోబాక్టర్ పైలోరి వేషధారి. తోకయందు గ్రాహకము పట్టుకొను భాగమును అది మార్చివేసికొన్నదని 2005లో తేలెను. తోక ఆడుచునే యుండును, తలారికి మాత్రము తెలియదు. పైకవచపు కొవ్వును కూడ అది చెక్కి సన్నగించుటచే, ఇతర క్రిముల కొవ్వుతో పోల్చిన దాని ఉద్రేకశక్తి అత్యల్పము. అంతటితో నాగక, మానవుని రక్తవర్గములకు సంబంధించిన చక్కెర గొలుసులవంటివానినే తన కవచముపై ధరించును. ఊరివారి పంచ కట్టి ఊరిలో తిరుగు దొంగ యిది.

మరి దండోరా మ్రోగుట యెట్లు? ఇందలి చమత్కారమిదియే. క్రిములలో కొన్ని తెగలకు సుమారు 30 జన్యువుల ముఠా యొకటి యుండును. దీనిని క్యాగ్ ద్వీపమందురు. ఈ జన్యువులు సూదివంటి యంత్రమును నిర్మించును. క్రిమి దానిని గోడకణములో గ్రుచ్చి, క్యాగ్-ఏ అను తన మాంసకృత్తును లోనికెక్కించును. అది కణముయొక్క ఆకారమును చెడగొట్టి, కణమునకు కణమునకు మధ్య నుండు అతుకులను సడలించును. కాని సూదివెంట మరికొన్ని తునకలును లోనికి జారిపోవును. క్రిమి గోడనుండి ఊడిన తునకలను కణము లోపలనే యుండు నాడ్-1 అను కావలివాడు పట్టుకొనునని 2004లో కనుగొనిరి. క్రిమి కవచపు తయారీకి వలయు నొక చక్కెర పదార్థమును ఆల్ఫా-కైనేజు 1 అను మరియొక కావలివాడు పట్టునని 2017 తరువాతి పరిశోధనలు చూపినవి. వీధిలో మారువేషముతో తప్పించుకొన్నవాడు కన్నము వేయుటచేతనే పట్టుబడినాడు!

కణము లోపల ఎన్.ఎఫ్. కప్పా-బి అను దూత యొకడు కలడు. 1986లో కనుగొనబడిన ఈ దూత సామాన్యకాలమున ఒక సంకెలచే కట్టబడి యుండును. కావలివాని కేక వినబడగానే ఆ సంకెల నాశనమగును. దూత కణకేంద్రములోనికి పోయి, నిద్రించుచున్న జన్యువులను తట్టి లేపును. కణము అప్పుడు ఇంటర్‌ల్యూకిన్-8 అను పదార్థమును వ్రాలుచేసిన కమ్మవలె బయటికి పంపును. ఆ కమ్మ రక్తనాళముల చెంతకు చేరును. దాని వాసన యెక్కడ హెచ్చుగ నుండునో ఆ దిక్కునకు తెల్లకణములు రక్తమునుండి బయల్వెడలి నడచిపోవును. 1979లో వారెన్ చూచిన గుంపు ఈ కమ్మ నందుకొని వచ్చినదే.

వచ్చినవారు పరాక్రమవంతులే. వారియొద్ద విషవాయువులవంటి ప్రాణవాయు రూపములును, మాంసకృత్తులను కోయు రసాయనములును కలవు. కాని దొంగ గోడకు ఆవలివైపు, జిగురు చెఱువులో నున్నాడు. తెల్లకణములలో కొన్ని గోడ దాటి అవతలికి పోవును గాని, పెక్కు గోడలోనే నిలిచి ఆయుధములను ప్రయోగించును. క్రిమికి ఆ యాయుధములను విరుచు రసాయనములు కలవు. తెల్లకణములు వాడు నైట్రిక్ ఆక్సైడునకు ముడిసరకగు ఆర్జినీను అను పదార్థమును ముందుగనే మ్రింగి, తయారీయే సాగకుండ జేయు నేర్పును దానికి కలదు. దెబ్బ తగులునది గోడకు. దొంగను కొట్టబోయి ఇంటివాని కంచె విరుగగొట్టిన గ్రామస్థులవలె తెల్లకణములు లోపొరను గాయపరచును. మార్షల్ కడుపున పదినాళ్లలో పుట్టిన వాపు ఈ గ్రామస్థుల సందడియే.

ఇట్టి సందడి వారము పదినాళ్లలో ముగిసిన బాధ లేదు. ఇది సాధారణముగ బాల్యమున మొదలై, చికిత్స లేనిచో జీవితాంతము సాగును. టి-కణములను ఉన్నతాధికారులు వచ్చి దీర్ఘమైన యుద్ధమును నడుపవలసి యుండగా, క్రిమి వాక్-ఏ అను విషముచే ఆ కణములు వృద్ధిచెందకుండ అణచునని 2003లో ప్రయోగశాలలో చూపిరి. ఇది చాలక, దేహము తానే కొన్ని టి-కణములను శాంతిపాలనకు నియమించును. వీని పని పోరును పెంచుట కాదు, తగ్గించుట. ఇట్టి శాంతిపాలక కణముల ఉనికిని స్థాపించిన పరిశోధకులకు 2025 సంవత్సరపు నోబెల్ బహుమానమీయబడెను. చిలీ దేశమున క్రిమిగల బాలురను, పెద్దలను పోల్చి 2008లో ప్రకటించిన పరిశోధనలో, బాలుర జఠరములందు శాంతిపాలక కణములు హెచ్చుగను, వాపు తక్కువగను కనబడినవి. ప్రపంచమున ఇంచుమించు సగముమంది కడుపులలో ఈ క్రిమి యున్నను వారిలో అధికసంఖ్యాకులకు ఏ బాధయు తెలియకుండుటకు ఈ రాజీ యొక ముఖ్యకారణము. క్రిమికిని ఇది అనుకూలమే. ఇల్లు కాలిపోయిన అద్దెకుండుటకు చోటెక్కడ?

రాజీ యందఱి యెడలను నిలువదు. చెడినప్పుడు ఎట్లు చెడునన్నది వాపు ఉన్న చోటునుబట్టి యుండును. జఠరపు దిగువ భాగమున వాపు మిక్కుటమైనచో, ఆమ్లపు టూటను ఆపు సొమటోస్టాటిన్ తగ్గి, దానిని పెంచు గ్యాస్ట్రిన్ విజృంభించును. ఆమ్లము వరదవలె చిన్నప్రేగు మొదటిలోనికి దిగి అక్కడ పుండు చేయును. పూర్వవైద్యులు చూచిన ఆమ్లాధిక్యము అబద్ధము కాదు. దాని వెనుక నున్న దండోరా వారికి వినబడలేదు. ఇందులకు విరుద్ధముగ, వాపు జఠరపు నడిమిభాగమంతయు ప్రాకినచో ఆమ్లము నూరించు గ్రంథులే క్రమముగ క్షీణించును. క్షీణించినచోట పేగు లక్షణములుగల కణములు మొలచును. అనేక సంవత్సరముల పిమ్మట, కొందఱియందు, అక్కడ క్యాన్సరు పుట్టును. కొలంబియాలో పుట్టిన పెలాయో కొర్రియా అను వైద్యుడు ఈ సోపానక్రమమును వివరించెను. 1994లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ ఈ క్రిమిని క్యాన్సరు కారకములలో మొదటి తరగతియందు చేర్చెను.

ఎవరి కడుపు ఏ దారి పట్టునన్నది క్రిమినిబట్టి మాత్రమే కాక, దేహపు కంఠస్వరమునుబట్టియు నుండుట ఆశ్చర్యకరము. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అను మరియొక సందేశము వాపును పెంచుటయే కాక ఆమ్లపు టూటను బలముగ అణచివేయును. పుట్టుకతోనే ఈ సందేశపు జన్యువులు కొన్ని రీతులుగ నున్నవారికి జఠరపు క్యాన్సరు ముప్పు హెచ్చని 2000లో ప్రకటితమైనది. బిగ్గరగ కేకవేయు తలారి గల ఊరికే నష్టమధికమన్నమాట. క్రిమి భేదమును కలదు. తూర్పు ఆసియా తెగల క్యాగ్-ఏ పడమటి తెగలదానికంటె కణమునందు గట్టిగ పనిచేయునని జపాను పరిశోధకులు చూపిరి. భారతదేశమున క్రిమి విస్తారముగ నున్నను, జఠరపు క్యాన్సరు జపాను, కొరియాలయందుకంటె తక్కువ.

ఈ దండోరా ఎంత ప్రాచీనమో తెలుపు సాక్ష్యమొకటి మంచులో దొరికినది. ఆస్ట్రియా ఇటలీ సరిహద్దున ఆల్ప్సు కొండలలో 1991లో, సుమారు 5,300 సంవత్సరముల క్రిందట మరణించిన పురుషుని దేహము కనుగొనబడెను. 2016లో ఆయన జఠరపదార్థమున ఈ క్రిమి జన్యుపదార్థమును చదివిరి. అది నేడు మధ్య ఆసియా, భారతదేశ ప్రాంతములందలి తెగకు దగ్గఱి చుట్టముగ తేలెను. జఠరపు లోపొర నిలువలేదు గనుక ఆయనకు పుండు కలదో లేదో చెప్పుట కుదరదు. కాని వాపునకు వచ్చిన తెల్లకణములయందుండు మాంసకృత్తులు ఆ పదార్థమున మిగిలియుండెను. కలియుగారంభమున జరిగెనని పంచాంగకర్తలు లెక్కించు కాలమునకే ఒక కొండజాతివాని కడుపున ఈ తలారి కేకవేసి, ఈ గ్రామస్థులు కఱ్ఱలు పట్టుకొని వచ్చియుండిరి.

తెలుగునాట కడుపుమంటకు చెప్పు కారణములు నేటికిని మిరపకాయయు, మనోవ్యాకులమునే. కారము మంటను తెలియజేయవచ్చును, పుండున్నవానిని బాధింపవచ్చును. పుండునకు మూలము సాధారణముగ అది కాదు. మూలములు ముఖ్యముగ రెండు: ఈ క్రిమి యొకటి, కీళ్లనొప్పులకును తలనొప్పులకును అంగడిలో కొని దినదినము మ్రింగు నొప్పిమాత్రలు రెండవది. చిరకాలపు కడుపునొప్పి, నల్లని విరేచనము, కారణము తెలియని చిక్కుట, రక్తపువాంతి యున్నవారు సోడాయుప్పు నీళ్లతో కాలక్షేపము చేయరాదు, వైద్యుని చూడవలెను. ఊపిరి పరీక్షచేతను, మలపరీక్షచేతను, గొట్టము లోనికి పంపి చూచుటచేతను క్రిమిని పట్టవచ్చును. ఊపిరి పరీక్ష యనగా క్రిమియొక్క యూరియేజు కిటుకునే దానిపై త్రిప్పుట. గుర్తుగల యూరియాను త్రాగించి, ఊపిరిలో ఆ గుర్తుగల బొగ్గుపులుసు వాయువు వచ్చినచో క్రిమి కలదని గ్రహింతురు.

చికిత్స సామాన్యముగ పదినాళ్లనుండి పదునాలుగునాళ్లు. ఆమ్లమును తగ్గించు మందొకటి, క్రిములను చంపు మందులు రెండో అంతకు మించియో, పెక్కుచోట్ల బిస్మతును కలిపి ఇత్తురు. నాలుగవనాటికే మంట చల్లారి, ఖర్చెందుకని మాత్రలు మానువారు పెక్కుమంది. వారు చంపినది బలహీనములగు క్రిములను. మిగిలినవి మందునకు లొంగని సంతానమును కనును. క్లారిత్రోమైసిన్ వంటి మంచి మందు అనేక దేశములయందు మునుపటివలె పనిచేయకపోవుటకు ఇట్టి మొండితనము ప్రబలుటయే హేతువు. చికిత్స ముగిసిన నాలుగు వారములకు తక్కువ గాకుండ వేచి, క్రిమి పోయినదీ లేనిదీ మరల పరీక్షించుట యుక్తము.

క్రిమి పోయిన పిమ్మట లోపొరలో జరుగు విషయము మిక్కిలి ఆసక్తికరము. కమ్మలు ఆగుటచే మొదట వచ్చిన తెల్లకణములు కొలది వారములలోనే మాయమగును. దీర్ఘకాలపు పోరునకు దిగిన కణములు మాత్రము నెలల తరబడి, కొందఱియందు ఏడాదికి పైగా, దండు విడిదిచేసినట్లు నిలిచియుండి మెల్లగ తరలిపోవును. ఆరోగ్యవంతుని జఠరమున ఇట్టి కణముల గుంపులు దాదాపుగ లేవు. క్రిమి వచ్చిన తరువాతనే అవి గూళ్లు కట్టును. ఆ గూళ్లలో నొక్కొక్కప్పుడు ఒక జాతి క్యాన్సరు పుట్టును. ఆ కణములు కాపాడుటకు వచ్చి, తిరిగిపోవు ఆజ్ఞ అందక, తామే పెరిగిపోయినవి. 1993లో ఇంగ్లండునందు ఇట్టి వ్యాధిగ్రస్తులు కొందఱికి క్యాన్సరు మందులేవియు నీయక, క్రిమిని చంపు మందులు మాత్రమే ఇచ్చి చూచిరి. ఆరుగురిలో అయిదుగురియందు ఆ కణితి కరిగిపోయెను.